కాగితంలో ‘స్వాధీన రహిత’ అని ఉంది, దున్నుతున్నది మేమే: అసలు ‘స్వాధీనం’ అంటే చట్టంలో ఏమిటి?

మెట్టపొలం

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గాని రాయడం నాకు అలవాటు లేదు. ఒక్క మాట దగ్గర చిక్కుకుపోయి రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లా. 1998లో మా నాన్నగారు ఊళ్ళోనే మూడెకరాల నలభై సెంట్ల మెట్ట కొన్నారు. కొన్నారు అంటే రిజిస్ట్రేషన్ జరగలేదు, అమ్మకపు ఒప్పందం మాత్రమే రాసుకున్నారు. డబ్బు మూడు విడతల్లో ముట్టింది. అమ్మిన పెద్దాయన రేపు మాపు అంటుండగానే కాలం చేశారు. ఆయన పిల్లలు ఊరు విడిచి వెళ్ళారు. అప్పటినుంచి ఆ పొలం మేమే చేస్తున్నాం. మొదట్లో పొగాకు, తర్వాత కంది, ఇప్పుడు శనగ. అడంగల్‌లో పట్టాదారు గడిలో ఆ పెద్దాయన పేరు, అనుభవదారు గడిలో నాన్నగారి పేరు. ఇన్నేళ్ళ తర్వాత ఆయన మనవళ్ళు వచ్చి పొలం ఖాళీ చేయమంటున్నారు.

ఒప్పందం తీసి చూస్తే శీర్షికలోనే ‘స్వాధీన రహిత అమ్మకపు ఒప్పంద పత్రము’ అని ఉంది. గుండె జారింది. నాన్నగారిని అడుగుదామంటే, రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడిచేయి, మాట స్వాధీనం తప్పాయి. ఇన్నేళ్ళుగా దున్నుతున్నది మేమైతే స్వాధీనం మాకు లేదని కాగితం ఎలా అంటుంది? ఈ మాటకు చట్టంలో వేరే అర్థం ఏమైనా ఉందా?

నల్లకోటు

గుంటూరులో ప్రాక్టీసు చేస్తాను. కాగితం చూడకుండా కేసు మీద అభిప్రాయం చెప్పను. మాట గురించి అడిగారు కాబట్టి దాని గురించి చెబుతాను.

ముందు హక్కును, స్వాధీనాన్ని విడదీసి చూడండి. ఇల్లు అద్దెకిచ్చిన ఆయనకు హక్కు ఉంటుంది, అద్దెకున్న ఆయన దగ్గర స్వాధీనం ఉంటుంది. మీ విషయంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం ఒట్టి అమ్మకపు ఒప్పందం ఆస్తిలో ఏ హక్కునూ పుట్టించదు. కాబట్టి హక్కు ఇంకా ఆ పెద్దాయన వారసులదే. స్వాధీనం మీది. ఇందులో వైరుధ్యం లేదు.

అదే చట్టంలో 53ఏ అని ఒక సెక్షను ఉంది. రాతపూర్వకమైన ఒప్పందం ఉండి, దాని ప్రకారం కొన్నవారు భూమిని స్వాధీనంలోకి తీసుకుని, తమ వంతు నెరవేర్చి గాని నెరవేర్చడానికి సిద్ధపడి గాని ఉంటే, అమ్మినవారైనా వారి వారసులైనా వారిని వెళ్ళగొట్టలేరు. 2001 సెప్టెంబరు 24 తర్వాత రాసిన ఒప్పందమైతే అది రిజిస్టరు అయి ఉండాలి. మీది 1998ది కాబట్టి ఆ షరతు వర్తించదు. ఒప్పందం అమలు కోరుతూ దావా వేసే గడువు దాటిపోయినా, స్వాధీనాన్ని కాపాడుకోవడానికి 53ఏను అడ్డం పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది.

అయితే మీ కాగితం తానే ‘స్వాధీనం ఇవ్వలేదు’ అంటోంది. తర్వాత ఎప్పుడు, ఎలా వచ్చిందో మీరు రుజువు చేసుకోవాలి. చిక్కంతా అక్కడే.

సర్వేరాళ్ళు

ఇంత చర్చ ఎందుకండీ? పన్నెండేళ్ళు దాటింది. భూమి మీదే. ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు.

నల్లకోటు

ఊళ్ళో అందరూ చెబుతారు గనకనే మాకు ఇన్ని కేసులు, సర్వేరాళ్ళు గారూ.

పన్నెండేళ్ళ మాట 1963 కాలపరిమితి చట్టం 65వ అధికరణంలోది. ఆ గడువు మీరు పొలంలో దిగిన రోజు నుంచి లెక్కకు రాదు, మీ స్వాధీనం అసలు హక్కుదారుకు ‘ప్రతికూలం’ అయిన రోజు నుంచి వస్తుంది. అంటే ‘నీ హక్కును నేను ఒప్పుకోను, ఇది నాది’ అని అతనికీ ఊరికీ తెలిసేలా, దాపరికం లేకుండా, తెరిపి లేకుండా ఉండాలి. ఒప్పందం మీద పొలంలో దిగిన మనిషి అమ్మినాయన అనుమతితోనే దిగాడు. ఆయన రిజిస్ట్రేషన్ చేస్తాడని ఎదురుచూస్తూ ఉన్నాడంటే ఆయన హక్కును ఒప్పుకుంటున్నట్టే. అనుమతితో ఉన్నది ఎన్నేళ్ళున్నా అనుమతే. 1990లో ఒకసారి, 1995లో మరోసారి సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. 53ఏ కింద రక్షణ అడిగేవారు అదే నోటితో ప్రతికూల స్వాధీనం అనడం కుదరదని 1995 తీర్పు సారాంశం.

ప్రభుత్వ భూమి మీద ఈ వాదన చేయాలంటే గడువు ముప్పై ఏళ్ళు. 1908 నాటి పాత చట్టంలో అరవై ఉండేది.

సర్వేరాళ్ళు

అంటే దొంగతనంగా దూరినవాడికి పన్నెండేళ్ళలో భూమి దక్కుతుంది, డబ్బిచ్చి మర్యాదగా దిగినవాడికి దక్కదన్న మాట! ఇదేం న్యాయం?

నల్లకోటు

దొంగతనంగా దూరితే దక్కదు, బాహాటంగా దూరాలి. (వెక్కిరింత కాదు, చట్టమే అలా ఉంది.) మీకు వచ్చిన కోపమే సుప్రీంకోర్టుకూ వచ్చింది. ఈ సూత్రాన్ని పునరాలోచించమని 2008లో ప్రభుత్వానికి సూచించింది. 2023లో లా కమిషన్ తన 280వ నివేదికలో మార్చనక్కరలేదు అంది. పైగా 2019లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రతికూల స్వాధీనం పండినవారు ప్రతివాదిగా కాచుకోవడమే కాదు, వాదిగా తామే దావా కూడా వేయవచ్చని చెప్పింది.

పాతకలం

ముప్పై నాలుగేళ్ళు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసినవాణ్ణి. ఇప్పుడు కళ్ళు సహకరించక మనవరాలితో టైపు చేయిస్తున్నాను. మెట్టపొలం గారి కాగితంలో ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలుసు. నేనే కొన్ని వందలు రాసి ఉంటాను.

మన రాష్ట్రంలో స్టాంపు చట్టం షెడ్యూలు 1-ఏలో 47-ఏ అని ఒక అధికరణం, దాని కింద ఒక వివరణ ఉన్నాయి. అమ్మకపు ఒప్పందంలో స్వాధీనం ఇచ్చినట్టు ఉన్నా, ఒప్పందం వెంబడి స్వాధీనం ఇచ్చినా, దాన్ని అమ్మకంగానే లెక్కగట్టి పూర్తి సుంకం వేయాలని ఆ వివరణ. ‘స్వాధీనపరచినాను’ అని ఒక్క మాట రాస్తే సుంకం ఒక్కసారిగా కొండెక్కి కూర్చుంటుంది. రైతు దగ్గర బయానాకే డబ్బు చాలదు. అందుకని ‘స్వాధీన రహిత’ అని రాసేవాళ్ళం. రాసిన మర్నాడే వాళ్ళు గట్టు మీదకు వెళ్ళి హద్దులు చూపించుకుని, కొబ్బరికాయ కొట్టి అరక కట్టేవారు. కాగితం ఒక దారి, పొలం ఒక దారి. రాసిన మాకు తెలుసు, రాయించుకున్న వారికీ తెలుసు.

నిజానికి ఆ మాట తనఖాలది. స్వాధీన తనఖా అంటే అప్పు ఇచ్చినాయన భూమిని తన చేతిలోకి తీసుకుని, వడ్డీ కింద ఫలసాయం తింటాడు. స్వాధీన రహిత తనఖా అంటే భూమి అప్పు తీసుకున్నాయన దగ్గరే ఉంటుంది, కాగితం మీద మాత్రం కట్టుబడి ఉంటుంది. అక్కడ ఆ మాటకు నిజాయితీ ఉంది. దాన్ని పట్టుకొచ్చి అమ్మకపు ఒప్పందాల నెత్తిన పెట్టింది మేమే. మంచి చేస్తున్నామనుకునే చేశాం.

నల్లకోటు

పాతకలం గారూ, మీ నిజాయితీకి దణ్ణం. ఆ పొదుపుకు తర్వాతి తరం కట్టే వెల కూడా చెబుతాను.

ఈ కేసులో స్వాధీనం ఒప్పందం వల్లే వచ్చిందని వాదిస్తే అవతలి వకీలు వెంటనే లేచి, అయితే అది అమ్మకంతో సమానం, సుంకం తక్కువ కట్టారు, కాగితాన్ని సాక్ష్యంలోకి తీసుకోవద్దు అంటాడు. స్టాంపు చట్టం 35వ సెక్షను ప్రకారం, తగ్గిన సుంకంతో పాటు దానికి పది రెట్లు జరిమానా కడితే తప్ప కోర్టు ఆ కాగితాన్ని ముట్టుకోదు. స్వాధీనం ఒప్పందం వల్ల రాలేదు అంటే 53ఏ రక్షణ పోతుంది. 47-ఏ వివరణలోని ‘వెంబడి’ అన్న మాట ఎంతదూరం సాగుతుందన్న వాదన కోర్టుల్లో జరుగుతూనే ఉంటుంది.

మాస్టారు

రిటైరైన తెలుగు పండితుణ్ణి. లా తెలియదు గాని ఈ మాట తెలుసు.

‘స్వ’, ‘అధీన’ కలిసి స్వాధీనం. ‘తన అధీనంలో ఉన్నది’ అని చెప్పుకోవచ్చు, ‘తనకు తానే అధీనమైనది’, అంటే ఇంకొకరి కింద లేనిది అనీ చెప్పుకోవచ్చు. తెలుగు మొదటి దారి పట్టింది. మెట్టపొలం గారు తమకు తెలియకుండానే ఈ మాటను రెండు రకాలుగా వాడారు. పొలం స్వాధీనం ఒకటి, నాన్నగారి చేయి స్వాధీనం తప్పడం రెండోది. (వారు కోలుకోవాలని కోరుకుంటున్నాను.) చేయి ఆయనదే, ఆయన ఒంటికే ఉంది, హక్కు విషయంలో ఎవరికీ సందేహం లేదు. చెప్పినట్టు కదలదు. అంటే తెలుగువాడి మనసులో స్వాధీనం అంటే దగ్గర ఉండటం కాదు, చెప్పుచేతల్లో ఉండటం. నల్లకోటు గారు పై టపాలో హక్కు వేరు, స్వాధీనం వేరు అని చెప్పింది ఈ భాషకు ముందే తెలుసు.

అలంకార శాస్త్రంలో అష్టవిధ నాయికలలో ఒకామె స్వాధీనపతిక. భర్త ఆమె మాట జవదాటడు. అక్కడ పన్నెండేళ్ళ గడువు కూడా అక్కరలేదు.

ఖరగ్‌పూర్ తెలుగు

మాస్టారు చెప్పిన రెండో దారి మా బెంగాల్ వాళ్ళు పట్టారు. రైల్వే ఉద్యోగానికి ఇక్కడికి వచ్చిన కొత్తలో బెంగాలీ అక్షరాలు కూడబలుక్కుంటూ నేర్చుకుంటున్నాను. ఆగస్టులో ఒక గుడ్డ బ్యానరు మీద ‘స్వాధీనతా దిబస్’ అని చదివి, పక్కనే రైల్వే ఖాళీ స్థలం ఉండటంతో, ఎవరో స్థలం స్వాధీనం చేసుకునే రోజు ప్రకటించారని హడావిడిగా మా పై అధికారికి చెప్పాను. ఆయన ఇప్పటికీ కనబడితే నవ్వుతారు. అది స్వాతంత్ర్య దినోత్సవం.

కరీంనగర్ కబుర్లు

మీ వైపు స్వాధీనం అంటున్నది మా వైపు పాత కాగితాల్లో ‘కబ్జా’. నిజాం కాలపు ఉర్దూ దస్తావేజుల్లో అది శుద్ధమైన, గౌరవమైన మాట. ఎవరి చేతిలో భూమి ఉందో ఆయన కబ్జేదారు. ఇప్పుడు పత్రిక తీస్తే చెరువు కబ్జా, శ్మశానం కబ్జా. ఒకే మాట రెండు తరాల్లో న్యాయస్థానం నుంచి నేరస్థానానికి దిగింది.

మా తాత ఒక సాక్ష్యంలో ‘భూమి మా కబ్జాలో ఉన్నది’ అని చెబితే, దాన్ని తర్జుమా చేసిన కుర్రవాడు ‘మేము ఆక్రమించుకున్నాము’ అన్న అర్థంలో రాశాడు. మా వకీలు చూసి పట్టుకోకపోతే ముసలాయన తన నేరం తానే ఒప్పుకున్నట్టయ్యేది.

ఇంకో సంగతి. మా పాత పహాణీల్లో పట్టాదారు గడి, అనుభవదారు గడి రెండూ ఉండేవి. 2020లో ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక అనుభవదారు గడి కనబడకుండా పోయింది. స్వాధీనం అనే మాటకు ప్రభుత్వ పుస్తకంలో చోటే లేకుండా చేశారని చాలా గొడవ జరిగింది. గడి తీసేస్తే పొలంలో మనిషి మాయమవుతాడా?

తర్జుమా

నేను తీర్పులు తెలుగులోకి అనువదించే పనిలో ఉన్నాను. కరీంనగర్ గారు చెప్పిన కుర్రవాడి మీద జాలిపడుతున్నాను. ఆ గోతిలో నేనూ పడ్డాను, కాకపోతే ఇంకో వైపు నుంచి.

ఒక గంజాయి కేసు తీర్పులో ముద్దాయి ‘స్వాధీనంలో’ సరుకు ఉందా లేదా అన్నది ప్రధాన ప్రశ్న. రెండు పేరాల తర్వాత పోలీసులు ఆ సరుకును ‘స్వాధీనం చేసుకున్నారు’. మూలంలో ఆ రెండూ పూర్తిగా వేర్వేరు మాటలు. తెలుగులో రెండూ స్వాధీనమే. నా మొదటి ప్రతి చదివిన పెద్దాయన ‘ఎవరి స్వాధీనంలోంచి ఎవరు స్వాధీనం చేసుకున్నారమ్మా, సరుకు పోలీసులదేనా?’ అని అడిగారు. తర్వాత ‘మధ్యవర్తుల సమక్షంలో పట్టుకున్నారు’ అని మార్చాను. జప్తు అందామంటే ఆ మాటకు ఆస్తుల జప్తు అన్న వాసన వస్తుంది.

నేర చట్టంలో ఈ మాట ఇంకా సూక్ష్మం. బస్సులో మీ సీటు కింద ఎవరో సంచి పెట్టి దిగిపోయారు. సంచి మీ కాళ్ళ దగ్గరే ఉంది. అయినా అందులో ఏముందో మీకు తెలియనప్పుడు అది మీ స్వాధీనంలో ఉన్నట్టు కాదు. ఎరుక ఉండాలి. అయితే మాదకద్రవ్యాల చట్టంలో మెలిక ఉంది. సరుకు మీ దగ్గర దొరికిందని ప్రాసిక్యూషన్ చూపించాక, తెలియదని నిరూపించుకునే భారం మీదే. దీనికి విరుద్ధంగా, వస్తువు మీ చేతిలో లేకపోయినా మీ స్వాధీనంలో ఉన్నట్టు కావచ్చు. పాత శిక్షాస్మృతి 27వ సెక్షనులో, ఒక మనిషి తరఫున అతని భార్య, గుమాస్తా లేదా నౌకరు దగ్గర ఉన్న సొత్తు అతని స్వాధీనంలో ఉన్నట్టే అని ఉండేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ‘భార్య’ పోయి భార్యకైనా భర్తకైనా వర్తించే మాట వచ్చింది. నూట అరవై ఏళ్ళు పట్టింది, భార్య తరఫున భర్త కూడా తాళంచెవి పట్టుకోగలడని ఒప్పుకోవడానికి!

1979లో ఒక ఆయుధాల కేసులో సుప్రీంకోర్టు ఈ పదాన్ని బహురూపి అంది. అన్ని సందర్భాలకూ సరిపోయే తార్కికమైన నిర్వచనం ఇవ్వడం అసాధ్యమంది. అది చదివాక నాకు కొంత ఊరట కలిగింది.

అద్దెఇల్లు

బహురూపి అంటే నాకు అనుభవమే. ఒక ఆదివారం పొద్దున పెసరట్టు తింటూ పేపరు తిప్పుతున్నాను. ‘స్వాధీన ప్రకటన’ అని చిన్న అక్షరాలతో ఉన్న పెట్టెలో మా అపార్ట్‌మెంటు పేరు, మా ఫ్లాటు నంబరు, నాలుగు వైపుల హద్దులు. ఒక బ్యాంకు ఈ ఆస్తిని ‘స్వాధీనం చేసుకున్నది’ అని భూతకాలంలో రాశారు. నేను లోపలే ఉన్నాను, ప్లేటు చేతిలో ఉంది! మా యజమాని అప్పు కట్టలేదట. బ్యాంకుకు ఫోను చేస్తే ‘అది లాంఛన స్వాధీనం సార్, మీరు తినండి’ అన్నారు. తలుపు చూస్తే నిజంగానే కాగితం అంటించి ఉంది. పాలవాడు దాని మీదే లెక్క రాశాడు.

నల్లకోటు

దానికి 2002 నాటి నిబంధనలున్నాయి. స్వాధీనం తీసుకున్న ఏడు రోజుల్లోగా రెండు పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, ప్రకటించాలి. తర్వాత తాళం వేసే స్వాధీనం కోసం మేజిస్ట్రేటు దగ్గరకు వెళతారు.

మామూలు సివిలు కోర్టులోనూ ఇదే. డిక్రీ అమల్లో అమీను వచ్చి మనుషులను బయటికి పంపి అప్పగిస్తే అది వాస్తవ స్వాధీనం. లోపల హక్కుగల అద్దెదారు ఉంటే అతన్ని కదిలించరు. వారెంటు ప్రతి గోడకు అంటించి, డప్పు కొట్టి చాటిస్తారు, దాంతో స్వాధీనం ఇచ్చినట్టే. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరులో ఆ డప్పు ఈనాటికీ ఉంది.

సర్వేరాళ్ళు

అయితే నేనూ ఒకటి చెప్పాలి. సర్వే శాఖలో పనిచేశాను. భూసేకరణలో స్వాధీనం తీసుకోవడం అంటే జనం ఏదో ఊహించుకుంటారు. జీపు దిగి, గట్టు మీద నిలబడి పంచనామా రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి వచ్చేసేవాళ్ళం. మా వెనకాలే రైతు నీళ్ళు పెట్టుకుంటూ ఉండేవాడు. వరి కోసుకోనివ్వండి సార్ అంటే సరే అనేవాళ్ళం. ఆ రైతుకు తన భూమి ఆ పూటే పోయిందని తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే ఏదోలా ఉంటుంది.

నల్లకోటు

మీరు చేసినది చట్టం దృష్టిలో పూర్తి స్వాధీనమే. ఖాళీ భూమి విషయంలో పంచనామా చాలునని 2020 మార్చిలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇందోర్ కేసులో చెప్పింది. ఆ తర్వాత రైతు నీళ్ళు పెట్టుకుంటూ ఉంటే అతను ప్రభుత్వ భూమిలో అక్రమంగా ఉన్నట్టు లెక్క. అదే తీర్పులో ఇంకో విచిత్రం ఉంది. 2013 భూసేకరణ చట్టం 24(2)లో ‘స్వాధీనం తీసుకోకపోయినా లేదా పరిహారం ఇవ్వకపోయినా పాత సేకరణ రద్దు’ అన్నట్టు ఉన్న ‘లేదా’ను ‘మరియు’గా చదవాలన్నారు. ఆ ఒక్క ముక్కతో ఎంతమంది రైతుల ఆశలు కూలాయో! స్వాధీనం లాంటి పెద్ద మాటల సంగతి సరే, ‘లేదా’కు కూడా చట్టంలో నిఘంటువు అర్థం గ్యారంటీ లేదు.

డాలస్ బావ

భయం వేస్తోంది. విజయవాడలో మా ఇల్లు ఉంది. పదిహేనేళ్ళుగా ఒక కుటుంబం కాపలాకు ఉంటోంది, జీతం కూడా ఇస్తున్నాం. పన్నెండేళ్ళు దాటింది కదా?

నల్లకోటు

పైన చెప్పాను, బావగారూ: అనుమతి ఎన్నేళ్ళయినా అనుమతే. గోవా నుంచి వచ్చిన ఒక కేసులో 2012లో సుప్రీంకోర్టు, కాపలాదారు గాని నౌకరు గాని ఎంతకాలం ఉన్నా ఆస్తిలో హక్కు పొందరని స్పష్టంగా చెప్పింది. అతను అక్కడ ఉన్నాడు, స్వాధీనం మాత్రం మీది. జీతం ఇచ్చిన రుజువులు ఉంచుకోండి. ఎప్పుడైనా పేచీ వస్తే తాళాలు పగలగొట్టించే పని మాత్రం చేయకండి. చట్ట ప్రక్రియ లేకుండా స్థిరమైన స్వాధీనంలోంచి ఎవరినైనా గెంటేస్తే, 1963 నాటి నిర్దిష్ట పరిహారాల చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి లోపలికి రావచ్చు. ఆ దావాలో కోర్టు హక్కు ఎవరిదని అడగదు.

కరీంనగర్ కబుర్లు

ఖాళీ స్థలం మాటేమిటి? అక్కడ దున్నేది లేదు, కాపురం లేదు. తుమ్మచెట్లే స్వాధీనంలో ఉంటాయి.

నల్లకోటు

మంచి ప్రశ్న, జవాబు మీ వైపు నుంచే వచ్చింది. వరంగల్‌లోని ఖాళీ స్థలాల తగాదాలో 2008లో సుప్రీంకోర్టు, ఎవరూ వాస్తవంగా అనుభవించని ఖాళీ స్థలంలో హక్కు ఎవరిదో స్వాధీనం వారిదే అనుకోవాలంది. అంటే అక్కడ స్వాధీనం నేల మీద ఉండదు, కాగితంలో ఉంటుంది. మెట్టపొలం గారి కథకు సరిగ్గా తలకిందులు.

పాతకలం

ఎవరూ అడగలేదు గాని ఒక మాట. మెట్టపొలం గారూ, డబ్బు మూడు విడతల్లో ముట్టిందన్నారు. ఆ చెల్లులు ఎక్కడ రాసుకున్నారు? మా కాలంలో విడిగా రసీదు రాసేవాళ్ళం కాదు. ఒప్పందం కాగితం వెనక్కి తిప్పి, అక్కడే ముట్టిన సొమ్ము, తేదీ వేసి సంతకం పెట్టించేవాళ్ళం. మీరు చూసింది మొదటి పక్క మాత్రమేనేమో. ఫోటో కాపీ తీసేవాళ్ళు కూడా వెనక పక్క వదిలేస్తుంటారు.

మెట్టపొలం

ఇన్ని టపాలు రెండుసార్లు చదివాను. నా దగ్గర ఉన్నది నిజంగానే ఫోటో కాపీ. అసలు కాగితం ఊళ్ళో అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. రేపు బస్సుకు వెళుతున్నాను.

తర్జుమా

అడంగళ్ళు, పంట రుణం కాగితాలు, మోటారు కరెంటు బిల్లులు, సొసైటీలో ఎరువుల రసీదులు కూడా వెతకండి. ఏ ఏడాది నుంచి ఉన్నాయో వరసగా పెట్టండి.

మెట్టపొలం

ఊరి నుంచి రాస్తున్నాను. వెనక పక్క ఉంది. మూడు చెల్లులూ ఉన్నాయి. మూడోదాని కింద వేరే సిరాతో, వణుకుతున్న చేతిరాతలో ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

‘పై తెలిపిన మొత్తము పూర్తిగా ముట్టినది. ఇక మీదట బాకీ లేదు. పొలము ఈ దినమే హద్దులు చూపి మీకు స్వాధీనపరచినాను. రిజిస్ట్రీ మీరు కోరినప్పుడు చేయగలవాడను.’

కింద ఆ పెద్దాయన సంతకం, తేదీ, ఇద్దరు సాక్షులు. ఒక సాక్షి ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. నాన్నగారికి కాగితం చూపిస్తే ఎడమచేత్తో ఆ చివరి వరస మీద వేలు పెట్టారు.

నల్లకోటు

లామినేషన్ చేయించకండి, మడతలు పెట్టకండి. మీ వకీలు చూసేదాకా ఎవరికీ ఫోటో పంపకండి. సుంకం, జరిమానా ఎంతవుతుందో ముందే లెక్క వేయించుకోండి, ఎందుకంటే ఆ చివరి వరసతో అది ఖాయం. ఆ ఖర్చు పెట్టుకోదగ్గదే.

పాతకలం

‘చేయగలవాడను’. ఆ రాత మా గురువుగారి బల్ల నుంచి వచ్చిన పద్ధతి. కాగితం మీద లేఖరి పేరు ఉంటే చెప్పండి బాబూ.